లెక్క అడిగే హక్కు, లెక్క చెప్పే బాధ్యత



చాలా ఏళ్ల క్రితం నేనొక పల్లె విచారణలో పనిచేస్తున్న రోజులవి. దేవాలయం పైకప్పు కారుతుంటే ఇంటింటా చందా వేసుకొని మరమ్మతు చేయించాము. పని ముగిసిన తరువాతి ఆదివారం, దివ్యపూజ అనంతరం, కూలి పనికి వెళ్లే ఒక పెద్దావిడ లేచి నిలబడింది. "ఫాదర్‌గారూ, కప్పుకు ఎంత వచ్చింది, ఎంత అయింది, ఏమన్నా మిగిలిందా అండీ?" అని అడిగింది. వెంటనే సంఘ పెద్దలలో ఒకరు, "గురువుగారినే లెక్క అడుగుతావా? కూర్చో!" అని కసిరారు. ఆమె కొంగు సర్దుకొని కూర్చుంది. నేను నోరు మెదపలేదు. నిజం చెప్పాలంటే, ఆ పెద్దమనిషి నా పక్షాన మాట్లాడినందుకు లోలోపల సంతోషించాను కూడా.

ఏటా ఫిబ్రవరిలో బడ్జెట్టు వార్తలు చదివినప్పుడల్లా ఆ తల్లి నాకు గుర్తుకు వస్తుంది. ఏది చౌక, ఏది ప్రియం అన్నంతవరకే మనం చదివి పత్రిక మడిచి పెట్టేస్తాం. ఆ డబ్బు ఎవరిది, దానిని ఖర్చు పెట్టడానికి ఎవరు అనుమతి ఇచ్చారు, ఖర్చయిన తరువాత ఎవరు లెక్క చూస్తారు అన్న ప్రశ్నలు మనవి కావనుకుంటాం. అవి మన ప్రశ్నలేనని, విశ్వాసికి సంబంధించిన ప్రశ్నలేనని ఈ వారం మనం ధ్యానించుకుందాం.

మనం పన్ను కడుతున్నామా?

"మాకు ఇన్‌కంటాక్సు లేదు ఫాదర్, ఈ గొడవ మాకెందుకు?" అని రైతులు, కూలీలు అంటుంటారు. వ్యవసాయ ఆదాయంపై కేంద్ర ప్రభుత్వం ఆదాయపు పన్ను వేయదన్నది నిజమే. కాని పన్ను రెండు దారుల్లో వస్తుంది. ఆదాయం మీద నేరుగా కట్టేది ఒకటి. వస్తువు ధరలో కలిసిపోయి, మనకు తెలియకుండానే మన జేబులోంచి వెళ్లేది రెండవది. 2017 జూలై 1న జి.ఎస్.టి. అమలులోకి వచ్చినది మొదలు 2025 సెప్టెంబరు 21 వరకు ఒంటి సబ్బు మీద పన్ను నూటికి 18 రూపాయలు. ఆ మరునాటి నుండి అది 5 రూపాయలకు తగ్గింది. పెట్రోలు, డీజిలు జి.ఎస్.టి.లో లేవు, వాటిపై కేంద్రం ఎక్సైజు సుంకం వేస్తే రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. మన ఊరికి కూరగాయలు తెచ్చే ఆటో కిరాయిలో అది కూడా కలిసే ఉంటుంది.

సబ్బు కొన్న షావుకారు ఎంత పన్ను కడతాడో, అదే సబ్బు కొన్న కూలి మనిషీ అంతే కడుతుంది. అతనికది లెక్కలోనిది కాదు, ఆమెకది ఆ పూట కూలిలో భాగం. కనుక పన్ను కట్టని కుటుంబం మన విచారణల్లో ఒక్కటి కూడా లేదు. ఇచ్చినవారికి అడిగే హక్కు ఉంటుంది.

ఖజానా తాళం ఎవరి చేతిలో ఉంది?

మన రాజ్యాంగం 265వ అధికరణం ఒక చిన్న వాక్యంలో పెద్ద మాట చెబుతుంది. చట్టం అనుమతి లేనిదే ఏ పన్నూ విధించరాదు, వసూలు చేయరాదు. మంత్రిగారు తలచుకొన్నంత మాత్రాన పైసా పన్ను వేయలేరు. అలాగే వచ్చిన డబ్బు సంచిత నిధిలో చేరుతుంది (266వ అధికరణం). అందులోంచి డబ్బు తీయాలన్నా చట్టసభ చేసిన చట్టం కావాలి. దానినే ద్రవ్య వినిమయ బిల్లు అంటారు. రాష్ట్రాలలోనూ ఇదే పద్ధతి. హైదరాబాదులోనైనా, అమరావతిలోనైనా శాసనసభ అనుమతి లేకుండా రాష్ట్ర సంచిత నిధి తలుపు తెరుచుకోదు.

ఇంటి భాషలో చెప్పాలంటే, ఖర్చు పెట్టేది ప్రభుత్వమే అయినా బీరువా తాళంచెవి మాత్రం ప్రజలు ఎన్నుకొన్న సభ దగ్గర ఉంది. ఈ సూత్రం పుట్టింది కూడా ప్రజల బాధలోనుంచే. 1215లో ఇంగ్లండులో రాజు ఇష్టారాజ్యంగా సొమ్ము పిండుతుంటే ప్రభువులు ఎదురు తిరిగి, మాగ్నా కార్టా అనే ఒప్పందంలో కొన్ని పన్నులకు రాజ్య పెద్దల సమ్మతి అవసరమని రాయించుకొన్నారు. మన దేశంలో 1930లో గాంధీ మహాత్ముడు దండి సముద్ర తీరాన ఉప్పు చేతిలోకి తీసుకొన్నది కూడా, మన సమ్మతి లేకుండా పేదవాని ఉప్పుమీద వేసిన పన్నుకు ఎదురుగానే.

మూడు సార్లు చూడాలి

సభ చేసే పరిశీలనకు మూడు ఘట్టాలు ఉన్నాయి.

మొదటిది ఖర్చుకు ముందు. 2017 నుండి కేంద్ర బడ్జెట్టు ఫిబ్రవరి 1న వస్తున్నది. ఆ తరువాత ఒక్కొక్క మంత్రిత్వశాఖ తనకు కావలసిన మొత్తాన్ని పద్దుగా లోక్‌సభ ముందు ఉంచుతుంది. ఈ పద్దులను తీరికగా చూడడానికి 1993లో, మన తెలుగువారైన పి.వి. నరసింహారావుగారు ప్రధానమంత్రిగా ఉన్న కాలంలో, శాఖలవారీగా 17 స్థాయీ సంఘాలు ఏర్పడ్డాయి. 2004లో అవి 24 అయ్యాయి. ఒక్కొక్క దానిలో ఉభయ సభల నుండి 31 మంది సభ్యులు ఉంటారు. మంత్రులకు వీటిలో స్థానం లేదు.

రెండవది సభలో చర్చ. ఏ సభ్యుడైనా ఒక పద్దును తగ్గించమని కోత తీర్మానం ఇవ్వవచ్చు. ఒక శాఖ విధానమే తప్పనిపిస్తే దాని పద్దును ఒక్క రూపాయికి తగ్గించమని అడగవచ్చు. ఫలానా ఊరి కష్టాన్ని చెప్పుకోదలిస్తే వంద రూపాయలు తగ్గించమని అడగవచ్చు. ఆ వంద రూపాయలతో ఖజానాకు ఒరిగేదేమీ లేదు. ఆ ఊరి మాట సభలో వినబడటమే దాని ప్రయోజనం.

మూడవది ఖర్చు తరువాత. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, మనం కాగ్ అని పిలిచే అధికారి, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాల లెక్కలు తనిఖీ చేస్తారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించడానికి ఎంత కఠినమైన పద్ధతి ఉందో, ఈయనను తొలగించడానికీ అదే పద్ధతి. పదవీ విరమణ తరువాత ప్రభుత్వంలో మరే ఉద్యోగమూ చేపట్టకూడదు. అధికారంలో ఉన్నవారి భయమూ, రేపటి పదవి ఆశా ఉండకూడదనే ఈ ఏర్పాటు. ఆయన నివేదికలను పార్లమెంటు తరఫున ప్రజాపద్దుల సంఘం పరిశీలిస్తుంది. 1921లో పుట్టిన ఈ సంఘంలో నేడు లోక్‌సభ నుండి 15 మంది, రాజ్యసభ నుండి 7గురు సభ్యులు. మంత్రి ఇందులో ఉండరాదు. 1967 నుండి దీని అధ్యక్ష పదవిని ప్రతిపక్ష సభ్యునికి ఇచ్చే సంప్రదాయం నడుస్తున్నది. వండినవారే రుచి చూసి బాగుందని చెప్పుకోకూడదు కదా!

ఒక సభ్యుని ప్రశ్న

ఈ పరిశీలనకు ఎంత బలముందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1956లో పార్లమెంటు చట్టంతో జీవిత బీమా సంస్థ ఏర్పడింది. చిన్నచిన్న ఉద్యోగులు నెలనెలా కట్టిన ప్రీమియం సొమ్ము దానిలో చేరింది. అది పన్ను కాదుగాని ప్రజల పొదుపు, పార్లమెంటు బాధ్యత. 1957లో ఆ సంస్థ హరిదాస్ ముంధ్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల వాటాలను సుమారు 1 కోటి 24 లక్షల రూపాయలకు కొన్నది. పెట్టుబడుల సలహా సంఘాన్ని ముందుగా సంప్రదించలేదు.

1957 డిసెంబరు 16న లోక్‌సభలో ఫిరోజ్ గాంధీ ఈ విషయాన్ని లేవనెత్తారు. ఆయన అధికారపక్ష సభ్యుడే, పైగా ప్రధాని నెహ్రూగారి అల్లుడు. ఆనాటి లోక్‌సభ స్పీకరు మన చిత్తూరు నుండి ఎన్నికైన అనంతశయనం అయ్యంగారు. ప్రశ్న చల్లారలేదు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లాతో విచారణ సంఘాన్ని నియమించారు. ప్రజల ఎదుటనే సాక్ష్యాలు విన్నారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

మామగారి ప్రభుత్వమని ఫిరోజ్ గాంధీ ఊరుకోలేదు. అలా అడిగినందుకు ఆయన పార్టీకి గాని, దేశానికి గాని ద్రోహి కాలేదు. ప్రీమియం కట్టిన గుమాస్తా పక్షాన ఆయన నిలబడ్డారు.

నేటి లోటు

అయితే నేడు ఈ పరిశీలన సన్నగిల్లుతున్నది. గడువు దగ్గర పడగానే చర్చ మిగిలిపోయిన పద్దులన్నింటినీ ఒక్కసారిగా ఓటుకు పెట్టి ముగిస్తారు. దీనికి పార్లమెంటు భాషలో గిలటిన్ అని పేరు. ఫ్రాన్సు దేశంలో తలలు నరికిన యంత్రం పేరది. 2013లో, 2018లో, 2023లో ఏ ఒక్క మంత్రిత్వశాఖ పద్దుపైనా చర్చ జరగకుండానే లోక్‌సభ బడ్జెట్టును ఆమోదించింది. 2023లో ఆ మొత్తం సుమారు 45 లక్షల కోట్ల రూపాయలు. ఆ మూడు సంవత్సరాలలో అధికారంలో ఉన్నది ఒకే పక్షం కాదని గమనించండి. ఒకరు నినాదాలతో సభను ఆపుతారు, మరొకరు ఆ గోలలోనే బిల్లు గట్టెక్కిస్తారు. రెండు వైపులవారూ తప్పు ఎదుటివారిదే అంటారు. నష్టపోయింది మాత్రం పన్ను కట్టిన మన తల్లి.

ఇంకొక లోటు కూడా ఉంది. కాగ్ నివేదిక సభకు వచ్చేసరికి ఖర్చు జరిగిపోయి కొంతకాలమవుతుంది. ప్రజాపద్దుల సంఘం చేసే సిఫారసులు ప్రభుత్వానికి సలహాలే, శాసనాలు కావు. కనుక వాటికి బలం ఇవ్వవలసింది ప్రజల శ్రద్ధే. ఎవరూ చదవని నివేదిక అలమరలో చెదలకు ఆహారమవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. లెక్క అడగడం వేరు, నిందలు వేయడం వేరు. తనిఖీలో అభ్యంతరం రాసినంత మాత్రాన ఎవరూ దోషి కారు. 2010లో 2జి స్పెక్ట్రం కేటాయింపుల వల్ల 1 లక్షా 76 వేల కోట్ల రూపాయల వరకు నష్టం జరిగి ఉండవచ్చని కాగ్ నివేదిక అంచనా వేసింది. 2012లో సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దు చేసింది. కాని 2017లో ప్రత్యేక న్యాయస్థానం నిందితులందరినీ నిర్దోషులని విడుదల చేసింది. ఒక విధానం తప్పని తేలడం ఒకటి, ఒక మనిషి దొంగ అని రుజువు కావడం మరొకటి. అబద్ధ సాక్ష్యం పలుకరాదన్న ఎనిమిదవ ఆజ్ఞ రాజకీయాలు మాట్లాడే టీకొట్టు దగ్గర కూడా వర్తిస్తుంది.

పరిశుద్ధ గ్రంథంలో తనిఖీ

రాజుల రెండవ గ్రంథం 12వ అధ్యాయం తెరిచి చదవండి. యూదా రాజైన యోవాసు, దేవాలయానికి వచ్చే కానుకలతో మరమ్మతులు చేయించమని యాజకులకు ఆనతిచ్చాడు. తన పరిపాలనలో 23వ సంవత్సరం వచ్చినా గోడల పగుళ్లు అలాగే ఉన్నాయి. యాజకులు దొంగిలించారని గ్రంథం చెప్పడం లేదు. డబ్బు వచ్చింది, పని జరగలేదు, అంతే. రాజు వారిని పిలిచి ఎందుకని అడిగాడు. అప్పుడు ఒక కొత్త ఏర్పాటు జరిగింది. మూతకు రంధ్రం చేసిన పెట్టెను బలిపీఠం పక్కన ఉంచారు. పెట్టె నిండినప్పుడు రాజు లేఖకుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టేవారు. ఆ సొమ్మును పని చేయించేవారికి అప్పగిస్తే వారు వడ్రంగులకు, తాపీవారికి కూలి ఇచ్చేవారు. కానుక పుచ్చుకొనే చెయ్యి, లెక్కపెట్టే కళ్లు, ఖర్చు పెట్టే చెయ్యి వేరువేరు అయ్యాయి. దేవాలయం బాగుపడింది.

అదే అధ్యాయంలో, పని చేయించినవారు నమ్మకస్తులు కనుక వారిని లెక్క అడగలేదని కూడా ఉంది. మరి లెక్క అవసరం లేదనే కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ మాట ఎక్కడ వచ్చిందో చూడండి. పెట్టె పెట్టి, ఇద్దరు కలిసి లెక్కించడం మొదలైన తరువాత వచ్చింది. సరైన ఏర్పాటు ఉన్నచోటే నమ్మకం నిలుస్తుంది. అంతకుముందు 23 ఏళ్లు నమ్మకం ఒక్కటే ఉంది, కప్పు మాత్రం బాగుపడలేదు.

పునీత పౌలుగారి ప్రవర్తన ఇంకా ఆశ్చర్యకరం. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం ఆయన చందా పోగుచేశారు. అపోస్తలుని ఎవరు అనుమానిస్తారు? అయినా ఆ సొమ్మును ఒక్కరే మోసుకుపోలేదు. తీతుతో పాటు సంఘాలు ఎన్నుకొన్న సహోదరుని కూడా కలుపుకొన్నారు. ఇంత పెద్ద కానుక విషయంలో తనపై ఎవరూ నింద మోపకుండా ఉండాలని, ప్రభువు దృష్టికే కాక మనుష్యుల దృష్టికి కూడా యోగ్యమైనది చేయాలని తన ఉద్దేశమని కొరింతు వారికి రాశారు (2 కొరింతీ 8:18-21). దేవునికి తెలుసులే అని సరిపెట్టుకోవడం పౌలుగారి పద్ధతి కాదు.

శ్రీసభ బోధన

పన్ను చెల్లించడం విశ్వాసికి నైతిక బాధ్యత అని కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2240వ పేరా చెబుతుంది. పన్ను ఎగవేతను 2409వ పేరా ఏడవ ఆజ్ఞకు విరుద్ధమైన కార్యాలలో, అంటే దొంగతనంతో పాటు చేర్చింది. అదే పేరాలో దుబారా ఖర్చు కూడా ఉంది. ఎగవేసే పౌరుడు, దుబారా చేసే అధికారి ఒకే వరుసలో నిలబడ్డారన్నమాట.

పునీత అక్వినాసు తోమాసుగారు ఈ ప్రశ్నను సూటిగా ఎత్తుకొన్నారు. ప్రజల ఉమ్మడి మేలు కోసం న్యాయంగా రావలసినది పాలకుడు వసూలు చేస్తే, బలవంతంగా తీసుకొన్నా అది దోపిడీ కాదన్నారు. అన్యాయంగా గుంజుకొంటే మాత్రం అది దోపిడీయేనని, తిరిగి ఇచ్చే బాధ్యత కూడా ఉంటుందని బోధించారు. పన్నుకూ దోపిడీకీ మధ్య గీత గీసేది ఉమ్మడి మేలు, న్యాయం. మరి సొమ్ము ఉమ్మడి మేలుకే వెళ్లిందా అన్నది లెక్క చూడకుండా ఎలా తెలుస్తుంది? కాబట్టి పన్ను కట్టడం, లెక్క అడగడం రెండూ కలిస్తేనే ఒక బాధ్యత పూర్తవుతుంది. కట్టకుండా అడిగేవాడు కపటి. కట్టి అడగనివాడు సగం పని చేసి ఇంటికి వెళ్లిపోయినవాడు.

లెక్క అడిగితే అనుమానించినట్లే అనే భావం మన సమాజంలో బలంగా ఉంది. మనం అడిగేది మనిషిని కాదు, అతడు కూర్చున్న పదవిని. నిజాయితీపరునికి లెక్క చెప్పడమే రక్షణ. పౌలుగారు కోరుకొన్నది ఆ రక్షణనే.

మన వంతు

దుకాణంలో బిల్లు అడగండి. "బిల్లు లేకపోతే కాస్త తగ్గిస్తాను" అన్న మాటకు లొంగితే ఆసుపత్రి మందుకు, బడి గదికి చేరవలసిన పైసలను మనమే దారి మళ్లించినట్లు. మీ పార్లమెంటు సభ్యుడు, శాసనసభ్యుడు ఓటు అడగడానికి వచ్చినప్పుడు, బడ్జెట్టు చర్చలో ఏ పద్దు మీద మాట్లాడారని అడగండి. గ్రామసభకు వెళ్లండి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద కాగితం అడగవచ్చునని మీ యువతీ యువకులకు నేర్పండి. ఉపాధి హామీ పనుల మీద 2006 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు జరిగాయి. చదువురాని కూలీలు గ్రామసభలో కూర్చొని, మస్టరు రోలులో తమ పేరున ఎన్ని దినాలు రాశారో బిగ్గరగా చదువుతుండగా విన్నారు. చేయని పనికి తమ పేరు కనిపించినప్పుడు లేచి చెప్పారు. పార్లమెంటులో జరగవలసింది కూడా అదే పని, పెద్ద కొలతలో.

ఇక మన విచారణల సంగతి. ప్రతి విచారణకు ఆర్థిక వ్యవహారాల సంఘం ఉండాలని శ్రీసభ చట్టం 537వ సూత్రం ఆదేశిస్తున్నది. విశ్వాసులు ఇచ్చిన కానుకల లెక్కను విశ్వాసులకు చెప్పాలని 1287వ సూత్రం అంటున్నది. ఢిల్లీని అడిగే ముందు మన గుడి తలుపు దగ్గర లెక్క అంటించి ఉందో లేదో చూసుకోవాలి.

మొదట చెప్పిన ఆ తల్లి సంగతి ముగించాలి. ఆమెను కసిరిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు ఉపదేశిగారితో కూర్చొని పైకప్పు లెక్క మొదటి నుండి రాశాను. రెండు వారాలు పట్టింది. సిమెంటు బస్తాల బిల్లు ఒకటి రెండుసార్లు రాసి ఉంది. ఎవరూ కాజేయలేదు, తొందరలో జరిగిన పొరపాటు. కాని ఆమె అడగకపోతే ఆ తప్పు మా పుస్తకంలో నిజంగా నిలిచిపోయేది. తరువాతి ఆదివారం పూజానంతరం లెక్క మొత్తం చదివి వినిపించి, అందరి ముందు ఆమెను క్షమాపణ కోరాను. ఆమె నవ్వి, "అదేంటి ఫాదర్, మా గుడే కదా అని అడిగా" అన్నది.

మా గుడే కదా అన్న ఆ మాట దేశం విషయంలో కూడా మన నోట రావాలి. మన దేశమే కదా అని కట్టుదాం, మన దేశమే కదా అని అడుగుదాం. నీ గృహనిర్వాహకత్వపు లెక్క చెప్పమని యజమాని పిలిచే దినం మనకందరికీ, పాలకులకూ గురువులకూ గృహస్థులకూ ఒకనాడు వస్తుంది (లూకా 16:2). ఆ దినాన తడబడకుండా ఉండడానికి ఈ లోకంలో లెక్క చెప్పే అలవాటు మంచి సిద్ధపాటు.

కుటుంబ ప్రార్థనలో చర్చించుకొనుటకు:

1. గత వారం మన ఇంట్లో కొన్న వస్తువులలో దేని మీద ఎంత పన్ను కట్టామో బిల్లులు చూసి పిల్లలతో లెక్క వేయించండి.

2. రాజుల రెండవ గ్రంథం 12వ అధ్యాయం చదవండి. యాజకులను ప్రశ్నించిన రాజు చేసినది మంచిదేనా? ఎందుకు?

3. మన ఇంటిలో, సంఘంలో, విచారణలో లెక్క అడిగినవారిని మనం ఎలా చూస్తున్నాము?